అంకెలకు రంగులద్దిన ఫ్లారెన్స్ నైటింగేల్



మీ ఫోనుకు రోజూ ఎన్ని బొమ్మలు వస్తున్నాయో ఒకసారి చూసుకోండి. ఏ పార్టీకి ఎన్ని ఓట్లు పడ్డాయో చూపే గుండ్రటి బొమ్మ, ఏ కంపెనీ ఫోన్లు ఎక్కువ అమ్ముడయ్యాయో చూపే నిలువు కమ్మీలు, కందిపప్పు ధర ఎంత పెరిగిందో చూపే ఎర్ర గీత. వీటినే ఇన్ఫోగ్రాఫిక్స్ అంటారు. అర నిమిషంలో అర్థమైనట్టే ఉంటాయి కాబట్టి చూడగానే నమ్మేస్తాం, వెంటనే ఇంకొకరికి పంపేస్తాం.

ఇవి కంప్యూటర్లతో పుట్టినవి కావు. నూట అరవై ఏళ్ళకు ముందే ఒక మహిళ ఇలాంటి బొమ్మలతో ఒక పెద్ద ప్రభుత్వాన్ని కదిలించింది. ఆమె ఫ్లారెన్స్ నైటింగేల్. దీపం పట్టుకున్న నర్సుగా ఆమె మీకు పాఠాల్లో తెలుసు. ఆమె లెక్కల మనిషి కూడా అన్న సంగతి చాలామందికి తెలియదు.

ఆమె 1820 మే 12న ఇటలీలోని ఫ్లారెన్స్ నగరంలో పుట్టింది. ఆ ఊరి పేరే ఆమెకు పెట్టారు. ఇంగ్లండులో బాగా కలిగిన కుటుంబం. తండ్రి తానే దగ్గర కూర్చోబెట్టుకొని చదువు చెప్పాడు. ఆమెకు లెక్కలంటే చిన్నప్పటి నుంచీ ఇష్టం. నర్సు పని చేస్తానంటే ఇంట్లో ఒప్పుకోలేదు. ఆ రోజుల్లో గౌరవమైన ఇంటి ఆడపిల్ల చేసే పని కాదది. అయినా పట్టు విడవలేదు. 1851లో జర్మనీ వెళ్ళి శిక్షణ పొందింది.

1854లో బ్రిటన్ రష్యాతో క్రిమియా యుద్ధంలోకి దిగింది. 38 మంది నర్సులతో ఆమె ఇస్తాంబుల్ దగ్గరి స్కుటారి సైనిక ఆసుపత్రికి వెళ్ళింది. అక్కడ ఆసుపత్రి కిందనే మురుగు కాలువలు. గాలి ఆడదు. మంచి నీళ్ళు లేవు. నర్సులు ఎంత సేవ చేసినా ఆ చలికాలంలో చావులు తగ్గలేదు సరిగదా, పెరిగాయి. 1855 ఫిబ్రవరిలో ఆసుపత్రిలో చేరినవాళ్ళలో నూటికి 42 మంది చనిపోయారు. మార్చిలో ప్రభుత్వం పంపిన పారిశుద్ధ్య బృందం వచ్చి కాలువలు కడిగించింది, కిటికీలు తెరిపించింది. జూన్ నాటికి ఆ సంఖ్య నూటికి 2కు దిగింది.

1856లో ఇంటికి తిరిగి వచ్చాక జనం ఆమెను దేవతలా చూశారు. ఆమె మాత్రం ఉత్సవాలకు పోలేదు. ఆరోగ్యం దెబ్బతిన్నా గదిలోనే ఉండి, విలియమ్ ఫార్ అనే గణాంక నిపుణుడితో కలిసి చావుల లెక్కలు ముందేసుకొని కూర్చుంది. 1855 జనవరి ఒక్క నెలలో సైన్యంలో గాయాలతో పోయినవాళ్ళు 83 మంది. ఆపగలిగిన అంటురోగాలతో పోయినవాళ్ళు 2,761 మంది. చూశారా? శత్రువు తుపాకీ కంటే మురికి ఎన్నో రెట్లు ఎక్కువ మందిని చంపింది.

కానీ పట్టికల నిండా అంకెలు పెట్టి ఇస్తే మంత్రులు చదువుతారా? అందుకని బొమ్మ వేసింది. ఒక వృత్తాన్ని పన్నెండు భాగాలు చేసింది, నెలకొక భాగం. అంటురోగాలకు నీలం, గాయాలకు ఎరుపు, మిగతా కారణాలకు నలుపు. ఏ నెలలో చావులు ఎక్కువో ఆ భాగం అంత బయటికి పెరుగుతుంది. లెక్కలు రానివాళ్ళకు కూడా ఆ నీలం రంగు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

ఇక్కడ పై తరగతుల పిల్లలు ఒక విషయం గమనించాలి. ఆమె ముందు వేసిన బొమ్మలో మధ్య నుంచి అంచుకు ఉన్న దూరం చావుల సంఖ్యను చూపేది. దూరం రెండింతలైతే వైశాల్యం నాలుగింతలవుతుంది గదా! అంటే కష్టం ఉన్నదాని కంటే పెద్దదిగా కనిపిస్తుంది. అది తన వాదానికి లాభమే. అయినా ఆమె దాన్ని అలా వదలలేదు. వైశాల్యమే సంఖ్యకు సరిపోయేలా మార్చి వేసింది. ఆమె గొప్పతనం నాకు అన్నిటికంటే ఇక్కడే కనిపిస్తుంది.

ఆ బొమ్మలు రాణి దాకా, పార్లమెంటు దాకా వెళ్ళాయి. సైనికుల వసతులు, ఆసుపత్రులు మారాయి. లండన్ గణాంక సంఘంలో సభ్యత్వం పొందిన తొలి మహిళ ఆమే. 1860లో నర్సుల శిక్షణ పాఠశాల పెట్టించింది.

మన దేశానికి ఆమె ఎప్పుడూ రాలేదు. కానీ ఇక్కడి దండు ఊళ్ళకు ప్రశ్నలు పంపి, నీళ్ళెలా ఉన్నాయి, కాలువలెలా ఉన్నాయి అని రాయించి తెప్పించుకుంది. 1863లో ఆ నివేదిక వచ్చింది. అప్పుడు ఇక్కడి బ్రిటిషు సైనికుల్లో ఏడాదికి వెయ్యికి 69 మంది చనిపోయేవారు. పదేళ్ళలో అది 18కి తగ్గింది. ఊరు బాగుపడకుండా దండు బాగుపడదని గ్రహించి, పల్లెల గురించి రాయడం మొదలుపెట్టింది. 1876-78 కరువులో మద్రాసు ప్రెసిడెన్సీ అల్లాడినప్పుడు సాగునీళ్ళ కోసం గట్టిగా వాదించింది. గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్‌కు ఈ విషయంలో అండగా నిలిచింది. వాన చుక్క కోసం ఎదురుచూసే మన కరిసల్ నేలవాళ్ళకు ఆ వాదం విలువ చెప్పనక్కరలేదు. 1910 ఆగస్టు 13న ఆమె కన్నుమూసింది.

తల్లిదండ్రులకు ఒక మనవి. ఎన్నికల గురించి గానీ, జబ్బుల గురించి గానీ ఫోనులో బొమ్మ వచ్చినప్పుడు పంపే ముందు మూడు ప్రశ్నలు వేయండి. ఈ లెక్క ఎవరు తీశారు? కమ్మీలు సున్నా నుంచి మొదలయ్యాయా? బొమ్మ పెద్దదైనంతగా అంకె కూడా పెద్దదైందా? జవాబు దొరకకపోతే పంపకండి. తప్పు బొమ్మ చూసి ఒకరు మందు మానేస్తే, ఒకరు పక్కింటివాళ్ళను అనుమానిస్తే, ఆ నష్టం మళ్ళీ పూడదు.

పిల్లలూ, మీకొక పని. ఒక వారం రోజులు ఇంట్లో రోజుకు ఎన్ని బిందెల నీళ్ళు వాడారో రాసుకోండి. వారం చివర కమ్మీ చిత్రం గీయండి. ఎక్కువ, తక్కువ చేయొద్దు, ఉన్నది ఉన్నట్టే గీయండి. లెక్కల క్లాసుకు తెస్తే అందరి బొమ్మలూ గోడకు పెడదాం. పుదూరులో ఏ రోజు నీళ్ళకు కటకట ఉందో మన గోడే చెబుతుంది.