స్తూపయాత్రికుఁడు హ్యుయాన్‌త్సాంగ్

చీనాదేశీయ భిక్షువగు హ్యుయాన్‌త్సాంగ్ స్వదేశమునఁ గల బౌద్ధగ్రంథానువాదములు పరస్పరవిరుద్ధములుగాఁ దోఁచుటచే, మూలగ్రంథముల నన్వేషించుచు, రాజానుమతి లేకయే బయలుదేరి భారతవర్షమునకు వచ్చెను. కపిలవస్తు, కుశీనగర, బుద్ధగయాది క్షేత్రములందలి స్తూపములను సేవించి, నాలందయందు శీలభద్రాచార్యుని సన్నిధిని యోగాచారశాస్త్రము నభ్యసించెను.

పిమ్మట ఆంధ్రదేశమున ధాన్యకటకమును దర్శించెను. అచటి పూర్వశైల, అపరశైల విహారములు అప్పటికే నిర్జనములు. అయినను సుభూతి, సూర్యులను భిక్షువుల కడఁ గొన్ని మాసములు నిలిచి మహాసాంఘికుల అభిధర్మము నేర్చి, వారికి మహాయానశాస్త్రములను బోధించెను. ఆయన యాత్రయందు స్తూపసేవయు శాస్త్రాధ్యయనమును ఎన్నఁడును విడివడలేదు.

క్రీ.శ. 645లో 657 గ్రంథములతోఁ జాంగాన్ నగరము చేరెను. వానిని భద్రపఱచుటకై 652లో అచట పగోడా నిర్మింపఁబూని, స్వయముగా ఇటుకలు మోసెను. 664లో నిర్యాణము నొందునాఁటికి సుమారు 75 గ్రంథముల ననువదించెను. సంస్కృతమూలము నష్టమైన మహావిభాష సమగ్రముగా మిగులుట ఆయన అనువాదము చేతనే.