మూడక్షరాల వెనుక మహనీయుడు

లక్డీకాపూల్‌: ఆదిలాబాద్‌ అడవి అంచు పల్లె నుంచి వచ్చినా, పాలమూరు తండా నుంచి వచ్చినా, క్యాన్సర్‌ సోకిన పేదవారు హైదరాబాద్‌లో దిగి ఆటో డ్రైవర్‌కు సాధారణంగా చెప్పే మాట ఎంఎన్‌జే. లక్డీకాపూల్‌ పక్కనే రెడ్‌హిల్స్‌లో ఉన్న ఈ ప్రభుత్వ క్యాన్సర్‌ ఆస్పత్రి ఆరున్నర దశాబ్దాలకు పైగా తెలుగువారికి సుపరిచితం. ఆ మూడక్షరాలు ఒక మనిషి పేరన్న సంగతి మాత్రం అక్కడికి వచ్చే వారిలో చాలామందికి తెలియదు. ఆయనే నవాబ్‌ మెహదీ నవాజ్‌ జంగ్‌. నిజాం కొలువులో అధికారిగా, ప్రజాప్రభుత్వంలో మంత్రిగా, గుజరాత్‌ రాష్ట్రానికి తొలి గవర్నర్‌గా పనిచేసిన ఆయన, ఏళ్ల తరబడి వైద్యం అవసరమయ్యే రోగులకు ఒక శాశ్వతమైన చిరునామా కల్పించి వెళ్లారు.

వరద చూసిన తరం

మెహదీ నవాజ్‌ జంగ్‌ 1894 మే 23న జన్మించారు. ఆయనకు పద్నాలుగేళ్ల వయసున్నప్పుడు, 1908 సెప్టెంబరులో మూసీ నది పొంగి హైదరాబాద్‌ నగరాన్ని ముంచెత్తింది. వేలాది మంది ప్రాణాలు కోల్పోయారు. నది ఒడ్డున ఉన్న అఫ్జల్‌గంజ్‌ ఆస్పత్రి సైతం వరదలో కొట్టుకుపోయింది. ఆ విపత్తు తర్వాతే నగరాన్ని పద్ధతి ప్రకారం పునర్నిర్మించాలన్న ఆలోచనకు బీజం పడింది. 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడింది. ఎగువన ఉస్మాన్‌సాగర్‌, హిమాయత్‌సాగర్‌ జలాశయాలు వెలిశాయి. మూసీ ఒడ్డునే ఉస్మానియా ఆస్పత్రి భవనం లేచింది. ఒక వ్యవస్థ లేకపోతే జనం ఎలా నష్టపోతారో, దాన్ని నిలబెడితే ఎన్ని తరాలకు మేలు జరుగుతుందో ఆ తరం కళ్లారా చూసింది.

యువకుడిగా నిజాం ప్రభుత్వ సేవలో చేరిన ఆయన అంచెలంచెలుగా ఎదిగారు. హైదరాబాద్‌ నగర పురపాలన బాధ్యతలను నిర్వహించారు. నవాజ్‌ జంగ్‌ అన్నది నిజాం ఇచ్చిన బిరుదు. బండరాళ్లు, తుప్పలు తప్ప మరేమీ లేని రోజుల్లో బంజారాహిల్స్‌లో నివాసం ఏర్పరచుకున్న తొలితరం వారిలో ఆయన ఒకరు. కొండరాళ్లను పగలగొట్టకుండా, వాటిని కలుపుకొని ఇల్లు కట్టించుకున్నారని చెబుతారు. నగరంలోని మెహిదీపట్నం కూడా ఆయన పేరు మీద ఏర్పడిన ప్రాంతమే.

నవాబు నుంచి ప్రజల మంత్రి

1948 సెప్టెంబరులో పోలీసు చర్యతో హైదరాబాద్‌ సంస్థానం భారతదేశంలో విలీనమైంది. పాత ఏలుబడిలో వెలిగిన పలువురు ప్రముఖులు ఆ మార్పుతో తెరమరుగయ్యారు. మెహదీ నవాజ్‌ జంగ్‌ అందుకు భిన్నంగా ప్రజాస్వామ్య రాజకీయాల్లోకి అడుగుపెట్టారు. 1952 ఎన్నికల తర్వాత బూర్గుల రామకృష్ణారావు నాయకత్వంలో ఏర్పడిన హైదరాబాద్‌ రాష్ట్ర మంత్రివర్గంలో ప్రజాపనుల శాఖను చేపట్టారు. 1956లో ఆంధ్రప్రదేశ్‌ అవతరించాక నీలం సంజీవరెడ్డి మంత్రివర్గంలోనూ ఆయనకు స్థానం దక్కింది.

అవి ఆనకట్టల కాలం. ఇరు రాష్ట్రాల ఉమ్మడి ప్రాజెక్టు నాగార్జునసాగర్‌కు ప్రధాని నెహ్రూ శంకుస్థాపన చేసింది 1955 డిసెంబరులోనే. దేశమంతా కాలువల గురించి, కరెంటు గురించి, కర్మాగారాల గురించి ఆలోచిస్తున్న ఆ ఏడాదే, ఎవరూ పేరెత్తడానికి కూడా ఇష్టపడని ఒక రోగానికి లక్డీకాపూల్‌ చెంత ఆస్పత్రి తలుపులు తెరిచింది.

రాచపుండుకు వైద్యశాల

క్యాన్సర్‌ను మన పెద్దలు రాచపుండు అనేవారు. రాజును తప్పించుకోలేనట్టే దాన్నీ తప్పించుకోలేమని భావించేవారు. ఇంట్లో ఒకరికి ఆ జబ్బు వచ్చిందంటే బయటకు పొక్కనిచ్చేవారు కాదు. అంటుకుంటుందన్న భయంతో పళ్లెం, చెంబు వేరు చేసేవారు. చికిత్స కావాలంటే పొరుగు రాష్ట్రాల బాట పట్టాల్సి వచ్చేది. బొంబాయిలో టాటా మెమోరియల్‌ ఆస్పత్రి 1941లో, కలకత్తాలో చిత్తరంజన్‌ ఆస్పత్రి 1950లో మొదలయ్యాయి. మద్రాసులో డాక్టర్‌ ముత్తులక్ష్మీరెడ్డి కృషితో అడయార్‌ క్యాన్సర్‌ ఇన్‌స్టిట్యూట్‌ 1954లో ప్రారంభమైంది. బొంబాయికి, మద్రాసుకు వెళ్లి నెలల తరబడి ఉండగలిగే స్తోమత ఎందరికి ఉంటుంది?

ఈ పరిస్థితుల్లో మెహదీ నవాజ్‌ జంగ్‌ చొరవతో 1955లో రేడియం ఇన్‌స్టిట్యూట్‌, క్యాన్సర్‌ ఆస్పత్రి రూపుదిద్దుకుంది. ఎంచుకున్న స్థలం కూడా పేదలకు అనుకూలమైనదే. నాంపల్లి రైల్వే స్టేషన్‌ కూతవేటు దూరం. అంతకు రెండేళ్ల ముందు, 1953లో, యువరాణి నీలోఫర్‌ పేరిట తల్లీపిల్లల ఆస్పత్రి అదే రెడ్‌హిల్స్‌లో ప్రారంభమైంది. ఒకప్పటి చెక్క వంతెన వల్ల లక్డీకాపూల్‌ అని పేరు తెచ్చుకున్న ప్రాంతం, ఆ రెండు ఆస్పత్రులతో రోగుల ఆశలకు వంతెనగా మారింది.

ఒక్క రోజుతో తీరని వైద్యం

క్యాన్సర్‌ ఆస్పత్రి స్థాపన ఇతర ఆస్పత్రుల స్థాపన వంటిది కాదు. ఎముక విరిగితే కట్టు కడతారు, కొన్నాళ్లకు విప్పుతారు. క్యాన్సర్‌ రోగికి రేడియేషన్‌ ఇవ్వాలంటే మొత్తం మోతాదు ఒకేసారి ఇవ్వడం కుదరదు. చుట్టూ ఉన్న మంచి కణాలు తేరుకునే వ్యవధి ఇస్తూ వారానికి ఐదు రోజుల చొప్పున ఐదారు వారాల పాటు కొద్దికొద్దిగా ఇస్తారు. పల్లెల్లో కరెంటు పెట్టించుకోవడం అని చెప్పుకొనే చికిత్స ఇదే. మధ్యలో మానేస్తే అప్పటిదాకా పడిన శ్రమ వృథా అవుతుంది. చికిత్స పూర్తయినా కథ ముగియదు. మొదటి రెండేళ్లు మూడు నెలలకోసారి, ఆ తర్వాత ఐదో ఏడు వరకు ఆరు నెలలకోసారి వైద్యుడికి చూపించుకోవడం సాధారణ పద్ధతి. కొన్ని రకాల రొమ్ము క్యాన్సర్‌కు ఐదు నుంచి పదేళ్లు మాత్ర మింగాలి. పిల్లలకు వచ్చే ఒక రకం రక్త క్యాన్సర్‌కు చికిత్స రెండు మూడేళ్లు సాగుతుంది.

ఆ పిల్లలకు వాడే మందుల్లో ముఖ్యమైన మెథోట్రెక్సేట్‌ వెనుక మరో తెలుగువాడి కృషి ఉంది. భీమవరంలో 1895లో, అంటే మెహదీ నవాజ్‌ జంగ్‌ పుట్టిన మరుసటి ఏడాది జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలల్లో ఆ మందుల పరిశోధనకు నాయకత్వం వహించి 1948లో కన్నుమూశారు. ఒకరు మందుకు దారి చూపారు, మరొకరు మందు అందే చోటు చూపారు. మందు ఎంత గొప్పదైనా, ప్రతి నెలా వెళ్లి తెచ్చుకునే చోటు లేకపోతే పేదవాడికి అది లేనట్టే లెక్క.

యంత్రాల విషయమూ అంతే. రేడియం శక్తి సగానికి తగ్గడానికి సుమారు 1600 ఏళ్లు పడుతుంది. క్యాన్సర్‌ చికిత్సలో 1951 నుంచి వాడుకలోకి వచ్చిన కోబాల్ట్‌ శక్తి మాత్రం ఐదేళ్ల మూడు నెలలకే సగమవుతుంది. అదే మోతాదు ఇవ్వడానికి అప్పుడు రెట్టింపు సమయం పడుతుంది. యంత్రం ముందు క్యూ పెరుగుతుంది. కాబట్టి కొన్నేళ్లకోసారి కొత్త కోబాల్ట్‌ తెప్పించక తప్పదు. భవనం కట్టి, కొబ్బరికాయ కొట్టి, శిలాఫలకం వేసి వెళ్లిపోతే ఇలాంటి ఆస్పత్రి నడవదు. నిధులు, నిపుణులు, మందులు ఏటేటా సమకూరుతూ ఉండాలి. వ్యక్తి మీద కాకుండా సంస్థ మీద భారం వేయడం అందుకే అవసరమైంది. నగరపాలన, ప్రజాపనులు ఎరిగిన మనిషి ఈ పనికి పూనుకోవడం రోగుల అదృష్టం.

గుజరాత్‌లోనూ అదే దీక్ష

1960 మే 1న బొంబాయి రాష్ట్రం విడిపోయి గుజరాత్‌ అవతరించినప్పుడు ఆ రాష్ట్రానికి తొలి గవర్నర్‌గా మెహదీ నవాజ్‌ జంగ్‌ నియమితులయ్యారు. తొలి ముఖ్యమంత్రి జీవరాజ్‌ మెహతా స్వయంగా పేరున్న వైద్యుడు. గవర్నర్‌ పదవి అలంకారప్రాయమని చాలామంది అనుకుంటారు. ఆయన మాత్రం హైదరాబాద్‌లో చేసిన పనిని అక్కడా చేపట్టారు. ఆయన చొరవతో 1961లో గుజరాత్‌ క్యాన్సర్‌ సొసైటీ ఏర్పడింది. అహ్మదాబాద్‌లో క్యాన్సర్‌ ఆస్పత్రికి, ఆ తర్వాత 1972లో ఏర్పడిన గుజరాత్‌ క్యాన్సర్‌ పరిశోధన సంస్థకు ఆ సొసైటీయే పునాది. దేశంలోని పెద్ద క్యాన్సర్‌ కేంద్రాల్లో అది ఒకటిగా ఎదిగింది. భాష వేరు, ప్రాంతం వేరు, పదవి వేరు. ఆయన పట్టుకున్న పని మాత్రం ఒకటే.

1965 వరకు గవర్నర్‌గా కొనసాగిన ఆయన 1967 జూన్‌ 28న, 73 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆయన ప్రారంభించిన ఆస్పత్రి ఆయన పేరుతోనే మెహదీ నవాజ్‌ జంగ్‌ ఇన్‌స్టిట్యూట్‌గా స్థిరపడింది. కాలక్రమంలో కేంద్ర ప్రభుత్వ గుర్తింపుతో ప్రాంతీయ క్యాన్సర్‌ కేంద్రమైంది.

నయం కాని వారికీ చోటు

ఆస్పత్రికి ఆలస్యంగా వచ్చే రోగులే మన ప్రాంతంలో ఎక్కువ. పొగాకు నమలడం, చుట్ట కాల్చడం, ఉత్తరాంధ్ర తీరంలో మహిళలు నిప్పు వైపు నోట్లో పెట్టుకొని కాల్చే అడ్డపొగ అలవాటు వల్ల నోటి క్యాన్సర్లు వస్తాయి. సిగ్గుతో, భయంతో దాచుకోవడం వల్ల గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ ముదిరాకగానీ బయటపడదు. అలాంటి వారికి జబ్బు నయం చేయలేకపోయినా నొప్పి లేకుండా చూడడం వైద్యుల బాధ్యత. నొప్పి తీవ్రతను బట్టి మెట్టు మెట్టుగా మందు పెంచుతూ, చివరకు మార్ఫిన్‌ ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లోనే సూచించింది. కానీ 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం నిబంధనల వల్ల దేశంలో ఎన్నో ఆస్పత్రులు ఆ మందు జోలికే పోలేదు. చట్టాన్ని 2014లో సవరించారు. అంతకు ముందే, 2006లో, ఎంఎన్‌జేలో ఉపశమన వైద్య విభాగం మొదలై మార్ఫిన్‌ మాత్రలు అందించసాగింది. నయమయ్యే వారికే వైద్యం అన్న ఆలోచనకు అక్కడ తెరపడింది.

2007లో ఉమ్మడి రాష్ట్రంలో ప్రారంభమైన ఆరోగ్యశ్రీ పథకం క్యాన్సర్‌ చికిత్స ఖర్చును చాలా మేరకు ప్రభుత్వం మీదకు మళ్లించింది. 2018లో మెట్రో రైలు లక్డీకాపూల్‌ మీదుగా పరుగు తీసి ప్రయాణం సులువు చేసింది. 2023లో అరబిందో ఫార్మా ఫౌండేషన్‌ సాయంతో ఎంఎన్‌జేకు కొత్త భవనం సమకూరింది.

అయినా దూరం ఇప్పటికీ రోగికి పెద్ద శత్రువే. చికిత్స ఉచితమైనా దారి ఖర్చులు, తోడు వచ్చే మనిషి కూలీ, ఐదారు వారాల బస ఉచితం కావు. విత్తనాలు వేసే అదునులో, కోతల వేళ మధ్యలోనే చికిత్స మానేసి ఊరెళ్లిపోయే రోగి, మళ్లీ వచ్చేసరికి జబ్బు చేయి దాటిపోతుంది. పరీక్షలు, మందులు, నొప్పి నివారణ జిల్లా కేంద్రంలోనే దొరికితే, పెద్ద చికిత్సకు మాత్రమే రాజధానికి రావాల్సిన పరిస్థితి ఏర్పడితే ఎన్నో ప్రాణాలు నిలుస్తాయి. నాడు తెలుగు రోగి బొంబాయి, మద్రాసు వెళ్లాల్సిన దూరాన్ని మెహదీ నవాజ్‌ జంగ్‌ లక్డీకాపూల్‌ దాకా తగ్గించారు. దాన్ని జిల్లా కేంద్రం దాకా తగ్గించడం నేటి పాలకుల వంతు. నవాబుకు అంతకు మించిన నివాళి మరొకటి ఉండదు.