పసుపు మాత్ర వెనుక భీమవరం డాక్టరు

మీ ఇంట్లో గర్భిణి ఉన్నా, కీళ్లవాతానికి మందులు వాడేవారు ఉన్నా చిన్న పసుపు మాత్ర ఒకటి చూసే ఉంటారు. అది ఫోలిక్ యాసిడ్. దాన్ని ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికి సారథి మన తెలుగువాడే. పేరు యల్లాప్రగడ సుబ్బారావు.

1895లో భీమవరంలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టినందుకు ఇంగ్లిష్ ప్రొఫెసర్ ఆగ్రహానికి గురై, ఎంబీబీఎస్‌కు బదులు ఎల్ఎంఎస్‌తో సరిపెట్టుకున్నారు. ఆ రోజుల్లోనే ఇద్దరు సోదరులు ట్రాపికల్ స్ప్రూతో కన్నుమూశారు. తిన్నది పేగులకు ఒంటబట్టని జబ్బు అది. ఆగని విరేచనాలు, ఆపై తీవ్ర రక్తహీనత.

రక్తం ఎందుకు తగ్గుతుంది? మీ ఒంట్లో ఒక కణం రెండు కావాలంటే, ముందు తన డీఎన్ఏలోని సుమారు 600 కోట్ల అక్షరాల జతలకు నకలు తీయాలి. ఆ పని చేసే ఎంజైమ్ ఇంచుమించు లక్ష అక్షరాలకు ఒక తప్పు చేస్తుంది. చాలా తప్పులను వెంటనే వెనక్కి వెళ్లి తనే చెరిపేస్తుంది. మిగిలినవాటిని మరికొన్ని ప్రొటీన్లు వెతికి సరిచేస్తాయి. చివరకు వంద కోట్ల అక్షరాలకు ఒక తప్పు మిగిలితే ఎక్కువ.

అయితే రాయడానికి అక్షరాలు ఉండాలి కదా! నాలుగింటిలో ఒకటైన థైమిన్ తయారీకి ఫోలేట్ తప్పనిసరి. అది లేకపోతే ఆ స్థానంలో యురాసిల్ వచ్చి చేరుతుంది. మరమ్మతు ఎంజైములు దాన్ని కోసి తీసేస్తాయి. పెట్టడానికి థైమిన్ లేక మళ్లీ యురాసిలే చేరుతుంది. ఇలా కోసి కోసి డీఎన్ఏ పోగులే తెగిపోతాయి. ఎముక మజ్జలో కణాలు ఉబ్బుతాయే తప్ప సరిగా విభజన చెందవు. స్ప్రూ రోగుల్లో రక్తహీనతకు ముఖ్య కారణం ఇదే.

1923లో సుబ్బారావు అమెరికా వెళ్లారు. బోస్టన్‌లో ఆసుపత్రి పనులు చేసుకుంటూ హార్వర్డ్‌లో చదివారు. రక్తంలో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని ఫిస్కేతో కలిసి రూపొందించారు. కణానికి శక్తినిచ్చే ఏటీపీని కనుగొన్నవారిలో ఆయనొకరు. 1940లో లెడర్లీ సంస్థలో చేరారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది. సోదరులను బలిగొన్న జబ్బుకు అది మందైంది.

ఫోలేట్ క్యాన్సర్ కణాలకూ మేతే. అందుకే దానికి అడ్డుపడే అమినోప్టెరిన్‌ను అదే బృందం తయారుచేసింది. బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ దాన్ని లుకేమియా ఉన్న 16 మంది పిల్లలకు ఇస్తే 10 మందిలో కొంతకాలం మెరుగుదల కనిపించింది. ఆ ఫలితాలు 1948 జూన్‌లో వెలువడ్డాయి. ఆగస్టులో సుబ్బారావు 53 ఏళ్లకే మరణించారు. స్వదేశానికి తిరిగి రానేలేదు. డీఎన్ఏ జంట మెలికల రూపం తెలిసింది ఆ తర్వాత ఐదేళ్లకు, 1953లో.

ఆయన కథలో మీకు పనికొచ్చే మాటలు రెండున్నాయి. గర్భం దాల్చిన 28 రోజుల్లోపే శిశువు వెన్నుపాము గొట్టం మూసుకుంటుంది. చాలామందికి అప్పటికి గర్భం వచ్చిందనే తెలియదు. కాబట్టి పిల్లలు కావాలనుకున్నప్పుడే, కనీసం నెల ముందు నుంచే, డాక్టరును అడిగి ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టండి.

రెండోది మెథోట్రెక్సేట్ గురించి. అమినోప్టెరిన్‌కు తోబుట్టువైన ఈ మందును కీళ్లవాతానికి వారానికి ఒక్కసారే వేసుకోవాలి. పొరపాటున రోజూ మింగి, నోరంతా పుండ్లతో, తెల్లకణాలు పడిపోయి మా వార్డుకు వచ్చినవారిని చూశాను. ఏ వారం వేసుకోవాలో మాత్రల అట్ట మీదే రాసి పెట్టుకోండి.