డిమోయర్

అబ్రహాం డిమోయర్ 1667లో ఫ్రాన్సు దేశంలోని విత్రీ పట్టణంలో ఒక ప్రొటెస్టెంటు కుటుంబంలో జన్మించాడు. తండ్రి శస్త్రవైద్యుడు. 1685లో పద్నాలుగవ లూయీ ప్రొటెస్టెంట్ల మతస్వేచ్ఛను రద్దు చేయడంతో, డిమోయర్ స్వదేశాన్ని విడిచి లండను చేరాడు. అక్కడ ఇంటింటికీ తిరిగి గణితం బోధిస్తూ జీవించాడు. న్యూటన్ రచించిన ప్రిన్సిపియా గ్రంథపు పుటలను వేరుచేసి వెంట ఉంచుకొని, పాఠానికీ పాఠానికీ నడుమ చదివేవాడని ప్రతీతి.

1697లో రాయల్ సొసైటీ సభ్యత్వం లభించినా, ఆచార్యపదవి మాత్రం ఆయనకు దక్కలేదు. కాఫీశాలలో జూదరులకు లెక్కలు చెప్పి కూడా కొంత ఆర్జించేవాడు. ఆ అనుభవసారమే 1718లో వెలువడిన ‘డాక్ట్రిన్ ఆఫ్ చాన్సెస్’ గ్రంథం.

1756 నాటి మూడవ ముద్రణలో ఆయన ఇచ్చిన ఉదాహరణ సుబోధకం. ఒక్కొక్క ఆసు గల పదమూడేసి పేకముక్కల దొంతరలు రెండున్నాయి. ఒక్కొక్క దానినుండి ఒక్కొక్క ముక్కను చూడకుండా తీస్తే, రెండూ ఆసులయ్యే సంభావ్యత 1/13 × 1/13, అనగా 1/169. ఇవి స్వతంత్ర ఘటనలు. ఒకే దొంతరనుండి మొదట ఆసును, పిమ్మట రెండును తీయాలంటే, తొలిముక్క వెలుపలే ఉన్నందున మిగిలేవి 12. కనుక సంభావ్యత 1/13 × 1/12, అనగా 1/156. ఇవి పరాధీన ఘటనలు. తీసిన ముక్కను తిరిగి దొంతరలో కలిపితే, సంభావ్యత మరల 1/169 అవుతుంది.

మతస్వేచ్ఛ నిరాకరించిన ఫ్రాన్సు దేశపు విజ్ఞాన అకాడమీయే 1754లో ఆయనను సభ్యునిగా ఎన్నుకొన్నది. ఆ ఏడాది నవంబరు 27న ఆయన లండనులోనే కన్నుమూశాడు. పదవి లభించని ఆ ప్రవాసి పేరు నేటికీ సంకీర్ణసంఖ్యల సిద్ధాంతరూపంలో తరగతిగదులలో వినిపిస్తున్నది.