బాగ్దాదు నుండి గోదావరికి: ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ దొరగారు

మన కోనసీమలో కాటన్ దొరగారి పేరు తెలియని ఇల్లు లేదు. కాలువ గట్ల మీద, లాకుల దగ్గర, ఊరి కూడళ్ళలో ఆయన విగ్రహములను చూస్తూ పెరిగినవాళ్ళము మనము. అయితే 1833లో బాగ్దాదు నగరము నుండి ఆ కాటన్ దొరగారితో కలిసి ఇండియాకు బయలుదేరి వచ్చిన మరొక దొరగారిని మన సంఘస్థులలో ఎంతమంది ఎరుగుదురో సందేహమే. ఆయన పేరు ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్. అప్పటికి ఆయన భార్యనూ పసిబిడ్డనూ మట్టిలో కలిపి రెండేళ్ళు కావస్తున్నది. ఈ శతవార్షికోత్సవ సంచికలో ఆయనను గూర్చి వ్రాయడానికి మేము పూనుకొన్నది ఆ రెండేళ్ళ కోసమే.

ముందుగా ఒక మాట. గ్రోవ్స్ దొరగారు ఏ డయాసిసుకూ చెందినవారు కారు. గురుపట్టము కోసము డబ్లిన్ కళాశాలలో చదువు ప్రారంభించి, సువార్త చెప్పడానికి మనుష్యులిచ్చే పట్టా అక్కరలేదని మధ్యలోనే మానుకున్నారు. అట్టివారికి డయాసిసు సంచికలో చోటేమిటని పెద్దలు అడిగితే, మనవాళ్ళ సమాధుల తోటలో ఏ మిషను వారని ఎవరూ అడగరు గదా అని మాత్రమే మేము చెప్పగలము.

ఆయన 1795 ఫిబ్రవరి 1న ఇంగ్లండులోని హాంప్‌షైరులో పుట్టారు. వృత్తికి పళ్ళ వైద్యులు. ఎక్సెటరు పట్టణములో ఏటా పదిహేనువందల పౌనుల రాబడి ఉండేది. ఆ రోజులలో అది జమీందారీకి తీసిపోని సొమ్ము. 1816లో మేరీ గారిని వివాహము చేసుకున్నారు. మిషనెరీగా వెళ్ళాలన్న కోరిక ఆయనకు మొదటినుండీ ఉన్నా, ఆమెకు ఇష్టము లేదు. ఆయన బలవంతము చేయలేదు, ఏళ్ళ తరబడి ఓపిక పట్టారు. రాబడిలో పదియవ వంతు ఇయ్యడముతో మొదలుపెట్టి, తరువాత నాలుగవ వంతు, చివరకు ఉన్నదంతా ప్రభువుకే అనేవరకు ఆ దంపతులు కలిసే నడిచారు. కడకు ప్రయాణానికి ఆయనకంటె ఆమెకే ఆత్రము ఎక్కువైనది. బ్రిస్టలులో అనాథ శరణాలయములు స్థాపించిన జార్జి ముల్లర్ గారు పెండ్లాడినది గ్రోవ్స్ గారి చెల్లెలినే.

1829 జూన్ 12న కుటుంబము ఓడ ఎక్కింది. వెంట ఇద్దరు కుమారులు, వారికి చదువు చెప్పడానికి జాన్ కిట్టో అనే చెవిటి యువకుడు. ఈ కిట్టోయే తరువాత గొప్ప బైబిలు పండితుడైనాడు. రష్యా మీదుగా, కొండలు దాటి, పారసీక దేశము గుండా డిసెంబరులో బాగ్దాదు చేరారు. అక్కడ బడి పెట్టారు. ఆడపిల్లల చదువు మేరీ దొరసానిగారు చూచుకొనేవారు.

1831 వసంతకాలములో ఊరిలో తెగులు ప్రవేశించింది. బ్రిటిషు రెసిడెంటు తన పరివారముతో బస్రాకు పోతూ గ్రోవ్స్ కుటుంబాన్ని కూడా రమ్మన్నారు. వీరు ఉండిపోయారు. ఒక దశలో రోజుకు వెయ్యికి మించి చనిపోయారు. పాతిపెట్టేవారు కరవైనారు. అది చాలదన్నట్లు టైగ్రిసు నది పొంగి గోడ తెగి, ఒక్క రాత్రిలో వేల ఇళ్ళు కూలాయి. వరదనీరు ఇంట్లోకి వస్తే ఎట్లా ఉంటుందో లంకలలో ఉండే మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. గ్రోవ్స్ గారి ఇల్లు మాత్రము నిలిచింది. చుట్టూ ఇళ్ళకు ఇళ్ళు ఖాళీ అవుతున్నా తన ఇంటిని ప్రభువు కాచినాడని ఆయన ఎంతో ఆశ పెట్టుకున్నారు.

మే నెల మొదట్లో మేరీ గారికి జ్వరము తగిలింది. 14వ తేదీన ఆమె ప్రభువునందు నిద్రించారు. ఆయనకూ జబ్బు చేసి తేరుకున్నారు. తల్లి లేని పసికూనను తన చేతులతోనే సాకారు. ఆగస్టులో ఆ బిడ్డ కూడా పోయింది. అప్పటికి ఊరి చుట్టూ సుల్తాను సైన్యము ముట్టడి వేసి ఉన్నది.

ఆ నెలలలో ఆయన వ్రాసుకొన్న దినచర్య 1832లో ఇంగ్లండులో పుస్తకముగా వెలువడింది. మిషనెరీల పుస్తకాలలో సాధారణముగా ఉండే జయధ్వనులు అందులో తక్కువ. ఎందుకిట్లా జరిగిందో తనకు అంతుపట్టడము లేదని దాచకుండా వ్రాశారు. ఒకరోజు ప్రభువు ప్రేమ మీద ఆనుకొని లేస్తారు, మరునాడు మళ్ళీ కూలబడతారు. సన్నిధిలో తన భార్య సుఖముగా ఉన్నదన్న నమ్మకము ఒక ప్రక్కనా, ఇంట్లో ఖాళీ అయిన చోటు మరొక ప్రక్కనా. ఏ ఒక్కటీ రెండవ దానిని చెరపలేదు.

ఈ సంగతి మాకు ఎందుకు ముఖ్యమంటే, 1996 నవంబరు 6 నాటి తుఫాను తరువాత మేము కొందరము దుఃఖములో ఉన్న ఇళ్ళకు పరామర్శకు వెళ్ళాము. కొబ్బరిచెట్లు దారికి అడ్డముగా పడి ఉంటే వాటి మీదుగా ఎక్కి దిగి వెళ్ళాము. బిడ్డను పోగొట్టుకొన్న ఒక తల్లితో, ఏడవకూడదమ్మా, అంతా దేవుని చిత్తము అన్నాము. ఆమె ఏమీ అనలేదు; కొంగు నోటికి అడ్డము పెట్టుకొని లోపలికి వెళ్ళిపోయింది. ఆ మాట మేము తొందరపడి అన్నామని ఇప్పుడు తెలుసు. గ్రోవ్స్ గారికి ఆ నిశ్చయము మూడవనాడే రాలేదు. ఆయన చేసినదల్లా ఆ ఊరిలోనే, ఆ జనము మధ్యనే మరి రెండేళ్ళు ఉండిపోవడము. 1832లో ఆయనకు సాయముగా మిత్రులు కొందరు వచ్చారు. వారిలోనూ దారిలో తమవారిని పాతిపెట్టి వచ్చినవారు ఉన్నారు.

1833లో సెలవు ముగించుకొని ఆ దారిన వెళుతున్న కాటన్ దొరగారు, అప్పటికి ముప్పది ఏళ్ళ ఇంజనీరు, గ్రోవ్స్ గారిని ఇండియా చూడడానికి రమ్మని పిలిచారు. అది ఇక్కడ నందన కరువు కాలము. కృష్ణా, గుంటూరు మండలాలలో ఊళ్ళకు ఊళ్ళు పాడుపడిన రోజులు. గ్రోవ్స్ గారు మన దేశమంతా తిరిగి చూచి, ఇంగ్లండుకు పోయి, 1835లో హారియెట్ గారిని వివాహము చేసుకొని, 1836లో మిషనెరీల జట్టుతో మదరాసు చేరారు. ఆ జట్టులో డెవాను సీమవారు ఇద్దరు ఉన్నారు: తాపీపని చేసే విలియం బౌడెన్, చెప్పులు కుట్టే జార్జి బీర్. వారి భార్యలు ఇద్దరి పేరూ ఎలిజబెత్తే. గ్రోవ్స్ గారు చిత్తూరులో ఆగి వ్యవసాయము, పట్టుపురుగుల పెంపకము పెట్టి అప్పులపాలైనారు. తక్కిన ఇద్దరూ భార్యలతో ముందు మచిలీపట్నము, తరువాత నరసాపురము వచ్చారు. మనము గోదావరి డెల్టా మిషను అని పిలిచేది ఆ రెండు కుటుంబాలతో మొదలైనదే. 1847లో ధవళేశ్వరము ఆనకట్ట పని ప్రారంభమయ్యాక అక్కడి కూలిజనము మధ్య బౌడెన్ గారు సువార్త ప్రకటించారు. వశిష్ఠ దాటి రాజోలు, అమలాపురము పల్లెలకు ఆ మాట వచ్చింది వారి పరిచర్య వలననే.

గ్రోవ్స్ గారు 1853 మే 20న బ్రిస్టలులో, చెల్లెలి ఇంట కన్ను మూశారు. అదే ఏడు ఇక్కడ జార్జి బీర్ గారు కూడా చనిపోయారు. ఎలిజబెత్ బీర్ దొరసానిగారు స్వదేశానికి ఓడ ఎక్కలేదు. బిడ్డలతో నరసాపురములోనే ఉండిపోయారు. ఆమె కుమారులు పెద్దవారై అదే గోదావరి ఒడ్డున అదే పని పట్టుకున్నారు.