లుముంబా కోసం కలం పట్టిన అందోలు కవి

కూకట్‌పల్లి మీదుగా పడమరకు సాగే పాత బొంబాయి రోడ్డు మియాపూర్, పటాన్‌చెరు దాటి సంగారెడ్డికి చేరుతుంది. అక్కడి నుంచి నాందేడ్ దారి పట్టుకుంటే అందోలు వస్తుంది. నాటి మెదక్ జిల్లాలోని ఆ ఊళ్లో 1908 ఫిబ్రవరి 4న మఖ్దూం మొహియుద్దీన్ జన్మించారు.

ఊహ తెలిసీ తెలియని వయసులోనే తండ్రి గౌస్ మొహియుద్దీన్ కన్నుమూశారు. చిన్నాన్న బషీరుద్దీన్ చేరదీసి పెంచారు. ఇంట్లో క్రమశిక్షణ గట్టిగా ఉండేది. మసీదు ఊడవడం, నమాజుకు వచ్చేవారు వుజూ చేసుకోవడానికి నీళ్లు తోడి పెట్టడం ఈ కుర్రవాడి పనులు. ఒకనాడు భోజనాల వేళ చిన్నాన్న రష్యా విప్లవం సంగతి ఎత్తి, ఆ దేశంలో ఇప్పుడు అందరూ ఒకే దస్తర్‌ఖాన్ దగ్గర కూర్చుని తింటున్నారని పిల్లలకు చెప్పారట. మఖ్దూం ఆ మాటను జీవితాంతం మరచిపోలేదు. ఆయన కమ్యూనిస్టు కావడానికి బీజం ఎక్కడో పుస్తకాల్లో వెతకనక్కర్లేదు, ఆ దస్తర్‌ఖాన్ మీదే ఉంది.

1929లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చేరారు. చదువు సాగాలంటే పొట్ట గడవాలి కదా! చిత్రపటాలు అమ్మారు, ట్యూషన్లు చెప్పారు, పత్రికల్లో పనిచేశారు. తలదాచుకోవడానికి మసీదులో పడుకున్న రోజులూ ఉన్నాయి. 1933లో తొలి కవిత ‘పీలా దుషాలా’ రాశారు. అది నవ్వు పుట్టించే కవిత. విద్యార్థులు దాన్ని పాడుకుంటూ తిరిగారు. తర్వాత ఠాగూర్ కవిత్వంపై ఒక పుస్తకం, బెర్నార్డ్ షా నాటకానికి ఉర్దూ అనుసరణ వచ్చాయి. ఎం.ఏ. పూర్తిచేసి సిటీ కాలేజీలో బోధకులయ్యారు. నెల నెలా జీతం, సమాజంలో గౌరవం ఉన్న ఆ ఉద్యోగాన్ని కొన్నేళ్లకే వదిలి కార్మిక సంఘాల్లోకి వెళ్లిపోయారు. పేదరికం అనుభవించినవాడికి స్థిరమైన జీతం విలువ తెలియకపోదు. తెలిసే వదులుకున్నారు.

1944లో మొదటి కవితా సంపుటి ‘సుర్ఖ్ సవేరా’ వెలువడింది. రెండోది ‘గులె తర్’ 1961లో గానీ రాలేదు. మధ్యలో పదిహేడేళ్లు! ఆ కాలమంతా ఫ్యాక్టరీ గేటు సభలు, సమ్మెలు, తెలంగాణ సాయుధ పోరాటం, అజ్ఞాతవాసం. 1951లో అరెస్టయ్యారు. జైలులో ‘ఖైద్’ అనే కవిత రాశారు. విడుదలయ్యాక 1952లో హుజూర్‌నగర్ ఉప ఎన్నికలో గెలిచి శాసనసభకు వెళ్లారు. తరువాతి కాలంలో శాసనమండలిలో ప్రతిపక్ష నాయకుడిగా ఉన్నారు. సంఘం పని కవిని మింగేసిందని సాహిత్యప్రియులు కొందరు నొచ్చుకుంటారు. అందులో సగం నిజం లేకపోలేదు. రాయవలసిన కవితలు ఎన్నో ఊరేగింపుల్లోనే కరిగిపోయి ఉంటాయి. అయితే మిగిలిన ఆ కొద్దిపాటి కవిత్వంలో అంత వేడి ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చూడాలి.

1961లో కాంగో నుంచి వచ్చిన వార్తే ఇందుకు సాక్ష్యం. పాట్రిస్ లుముంబా బెల్జియం వలస పాలనలో స్టాన్లీవిల్ పట్టణ తపాలా కార్యాలయంలో గుమాస్తా. ఉద్యోగం చేసుకుంటూనే అక్కడి పత్రికలకు ఫ్రెంచి భాషలో వ్యాసాలు, కవితలు రాసేవారు. 1960 జూన్ 30న దేశం స్వతంత్రమైనప్పుడు తొలి ప్రధాని ఆయనే. కొద్ది నెలలకే పదవి నుంచి తొలగించారు, బంధించారు. 1961 జనవరి 17న కటంగాలో కాల్చి చంపారు. అప్పటికి ఆయన వయసు 35 ఏళ్లు. సమాధి కూడా ఉండకూడదని శవాన్ని ఆమ్లంలో కరిగించారు. మిగిలిన ఒక్క పంటిని బెల్జియం 2022లో కుటుంబానికి అప్పగించింది.

హత్య వార్త ఫిబ్రవరిలో ప్రపంచానికి తెలిసింది. మఖ్దూం ‘చుప్ న రహో’ రాశారు. మౌనంగా ఉండవద్దని ఆ పేరుకు అర్థం. గజల్ చదివేవారికి బాగా పరిచయమైన రాత్రి, నక్షత్రం, వేకువ వంటి మాటలతోనే ఆయన ఒక రాజకీయ హత్యను చెప్పారు. తన సైనికులు కాంగోలో ఉండగానే ఆ మనిషిని కాపాడలేకపోయిన ప్రపంచ దేశాల సభకూ ఆ కవితలో చురక ఉంది. ఒక కార్మిక నాయకుడు తోటి మనిషి హత్యకు ఎలా స్పందిస్తాడో, అందులో అలాగే స్పందించారు. దూరదేశపు మనిషి అన్న ధ్యాసే ఆ కవితలో కనిపించదు.

అసలు హైదరాబాదుకు ఆఫ్రికా అంత దూరమా? ఏ.సి. గార్డ్స్ బస్తీ పేరులోని ఆ రెండక్షరాలు నిజాం కొలువులోని ఆఫ్రికన్ అశ్వికదళానివే. ఆ సిద్దీల వారసులు ఇప్పటికీ అక్కడ ఉన్నారు. మన పెళ్లి బారాత్‌లలో వారి మర్ఫా మోగుతూనే ఉంది. ఆ దరువు వింటూ అడుగులు వేసినవారిలో ఎంతమందికి ఈ సంగతి తెలుసో గానీ!

1966లో ‘బిసాతె రఖ్స్’ వచ్చింది. 1968 ఏప్రిల్‌లో అమెరికాలో మార్టిన్ లూథర్ కింగ్‌ను కాల్చి చంపినప్పుడు మఖ్దూం మళ్లీ కలం పట్టారు. ఇంతటి సీరియస్ మనిషి గజల్‌ను ఆలస్యంగా మొదలుపెట్టినా అందులోనూ మెప్పించారు. 1964 నాటి ‘చాచాచా’ సినిమాలో ఆయన మల్లెపందిరి పాట జనం నోళ్లలో నానింది. ఆయన పోయాక 1982లో వచ్చిన ‘బజార్’లోని గజల్ అయితే హైదరాబాదు ఇళ్లలో ఇప్పటికీ వినిపిస్తుంది. అది రాసింది ఎవరో తెలియకుండానే పాడేవారు చాలామంది.

1969 ఆగస్టు 25న ఢిల్లీలో గుండెపోటుతో మరణించారు. సాహిత్య అకాడమీ పురస్కారం ‘బిసాతె రఖ్స్’కు దక్కింది ఆ ఏడాదిదే. భౌతికకాయాన్ని హైదరాబాదుకు తీసుకువచ్చి నాంపల్లిలోని షా ఖామోష్ దర్గా ఖబ్రస్తాన్‌లో ఖననం చేశారు. మౌనంగా ఉండవద్దన్న కవి విశ్రమించిన చోటు పేరులో ‘ఖామోష్’ ఉండటం విచిత్రమే.