శ్రీమతి పొణకా కనకమ్మగారు

భర్త, భార్య యను రెండు పదములును సంస్కృతమున నొక్క ధాతువునుండియే పుట్టినవి. భరించువాడు భర్త, భరింపదగినది భార్య. బడిలో వ్యాకరణము చెప్పిన యేండ్లన్నిటను మేమీ వ్యుత్పత్తిని చెప్పుచునే యుంటిమి. పిల్లలు వల్లెవేయుచునే యుండిరి. లోకమును దానినే వల్లెవేయుచున్నది. పురుషుడు సంపాదింపవలెను, ధైర్యము చూపవలెను, నలుగురిలో మాటాడవలెను. స్త్రీ యిల్లు దిద్దుకొనవలెను, ఓర్చుకొనవలెను, గడప లోపల మసలవలెను. ఈ పంపకము ప్రకృతి చేసినదా, వాడుక చేసినదా యని విచారించుటకు తర్కగ్రంథములకంటె నొక జీవితచరిత్ర యెక్కువగా నుపకరించును. పెన్నాతీరమున జన్మించి, మన కులమునకును నెల్లూరు సీమకంతటికిని వన్నె తెచ్చిన శ్రీమతి పొణకా కనకమ్మగారి చరిత్రమును అందుకొరకే యీ సంచికలో స్మరించుచున్నాము.

కనకమ్మగారు 1892వ సంవత్సరము జూన్ 10వ తేదీన మినగల్లు గ్రామమున జన్మించిరి. తండ్రి మరుపూరు కొండారెడ్డిగారు, తల్లి కామమ్మగారు. పదియేండ్లు నిండకమునుపే వారిని మేనమామయగు పొణకా సుబ్బరామిరెడ్డిగారికిచ్చి వివాహము చేసిరి. పొట్లపూడి అత్తవారి యూరయ్యెను. అది నెల్లూరునకు తూర్పున, సముద్రమునకు చేరువగా, పెన్న నీటితో పండు మాగాణి నడుమ నున్న పల్లె.

ఆ కాలమున కలవారి యింటి కోడలికి త్రోవ ముందే గీయబడియుండెను. ఇచట నొక్క విషయము గమనింపదగియున్నది. పేదయింటి స్త్రీ నాటికాలమునందును నాట్లకును కోతలకును చేనిలోనికి దిగుచునే యుండెను. ఆమె యెండలో పనిచేసినచో స్త్రీత్వమునకు లోపమని యెవరును అనలేదు. కలిగినయింటి స్త్రీ గడప దాటకుండుటయే యా యింటి మర్యాదగా నెంచబడెను. కావున స్త్రీస్వభావమని మనము చెప్పుకొనునది చాలవరకు కలిమికి గుర్తేకాని స్త్రీత్వమునకు గుర్తు గాదు. కూలికిబోవు స్త్రీకొక స్వభావమును, భూస్వామి భార్యకొక స్వభావమును ప్రకృతి వేర్వేరుగా నీయలేదు గదా!

కనకమ్మగారికి బడిచదువు లేదు. ఇంటనుండియే తెలుగును, సంస్కృతమును, హిందీని స్వయంకృషిచే నేర్చిరి. గంట కొట్టి పిల్లలను కూర్చుండబెట్టి పాఠము చెప్పినను నాలుగక్షరములు నిలుచుట యెంత కష్టమో మావంటి ఉపాధ్యాయులకు తెలియును. ఇంటిపనుల సందున దొరకిన గడియలలో, చెప్పువారు లేక, అంతటి పాండిత్యము గడించుట సామాన్యము కాదు. వారు పద్యములు వ్రాసిరి. నెచ్చెలియగు ద్రోణంరాజు లక్ష్మీబాయమ్మగారితో గూడి జంటగా కవిత్వము వెలయించిరి.

1907లో బిపిన్ చంద్రపాలుగారు వందేమాతరోద్యమ ప్రచారమునకై ఆంధ్రదేశమున పర్యటించిరి. అప్పటికి కనకమ్మగారికి పదునైదేండ్లు. ఆ గాలి పొట్లపూడిని గూడ సోకెను. 1913లో ఆ పల్లెయందు సుజనరంజనీ సమాజమును, వివేకానంద గ్రంథాలయమును వెలసినవి. వాని వెనుక కనకమ్మగారి పూనిక యుండెను. పల్లెలో పుస్తకములు చేర్చుట, చదువురానివారికి చదువు చెప్పించుట, అంటరానివారని త్రోయబడినవారిని ఆదరించుట వారి నిత్యకృత్యములయ్యెను.

తరువాత గాంధీమహాత్ముని మార్గము వారికి శరణ్యమయ్యెను. దిగుమర్తి హనుమంతరావుగారు, చతుర్వేదుల కృష్ణయ్యగారు మొదలగువారు పెన్నయొడ్డున పల్లెపాడునందు ఆశ్రమము నెలకొల్పబూనినప్పుడు, దానికి 13 ఎకరముల నేలను కనకమ్మగారొసగిరి. దక్షిణాఫ్రికాలో గాంధీగారికి సహచరుడైన పార్శీ రుస్తుంజీగారు భవనమునకు ధనమిచ్చిరి. 1921 ఏప్రిల్ 7వ తేదీన గాంధీగారే దానిని ప్రారంభించిరి. భూదానమనగా పురుషుల పేర శిలాఫలకములు నిలుచుటయే యెరిగిన సీమలో, ఒక యిల్లాలి పేర నేల ధర్మకార్యమునకు చెందుట చిన్న సంగతి కాదు.

1923లో కనకమ్మగారు నెల్లూరునందు బాలికలకై కస్తూరిదేవి విద్యాలయమును స్థాపించిరి. అప్పటికి వారి వయస్సు ముప్పదియొక్క సంవత్సరము. బడి మెట్లెక్కని స్త్రీ, పదియేండ్లలోపున పెండ్లికూతురైన స్త్రీ, ఆడుబిడ్డలకు బడి కట్టించెను. తమకు దక్కనిదానిని పరులకు దక్కకుండ చూచువారు లోకమున పలువురు గలరు. అత్తలైన పిదప కోడండ్రను సాధించువారు ఆ కోవలోని వారే. కనకమ్మగారు తమకు దక్కనిదానిని తరువాతివారికి దక్కించిరి. 1929లో గాంధీగారు నెల్లూరు వచ్చినపుడు ఆ విద్యాలయ భవనమునకు శంకుస్థాపన చేసిరి. అదే సంవత్సరమున శారదా చట్టము వెలువడి, బాలికకు పదునాలుగేండ్లు నిండక వివాహము కూడదని శాసించెను. 1930 ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చెను. కనకమ్మగారి మెడలో మంగళసూత్రము పడిన నాటికిని ఆ చట్టము పుట్టిన నాటికిని నడుమ దాదాపు ముప్పదియేండ్లు గడచినవి.

1930 మార్చి 12వ తేదీన గాంధీగారితో దండికి బయలుదేరిన తొలి సత్యాగ్రహుల బృందమున స్త్రీ యొక్కతెయు లేదు. కల్లు దుకాణములకడను, విదేశీవస్త్రముల యంగళ్లకడను నిలుచుట స్త్రీలకు తగినపనియని మహాత్ముడంతటివాడే తలచెను. అయినను స్త్రీలాగలేదు. దేశమంతట వేలకొలది స్త్రీలు ఉప్పు వండిరి, ఊరేగింపులు నడపిరి, చెరసాలల కేగిరి. వారిలో కనకమ్మగారొకరు. కలవారి యింట పుట్టి, కలవారి యింట మెట్టిన యామె రాయవేలూరు చెరసాలలో శిక్ష ననుభవించిరి. ధైర్యము పురుషుని సొత్తనువారికి ఆ చెరసాల గోడలే సమాధానము.

ఇంతటి జీవితము సుఖముగా జరిగినదని చదువరులు తలపరాదు. వారి యేకైక పుత్రిక వెంకటసుబ్బమ్మ చిన్నవయసుననే పరలోకగతురాలయ్యెను. తల్లితనమే స్త్రీజన్మకు పరమార్థమని చెప్పు లోకము, ఆ బిడ్డ పోయిన తల్లికి బ్రదుకుటకేమి మిగులునో చెప్పదు. కనకమ్మగారు రమణమహర్షి సన్నిధిని శాంతి వెదకికొనిరి; లోకసేవను మాత్రము విడువలేదు. వారికి గృహలక్ష్మి స్వర్ణకంకణము బహుమానముగా లభించెను. ఇల్లు దాటి లోకమునకు పనిచేసిన స్త్రీకి గృహలక్ష్మి పేర కంకణము తొడుగుట విడ్డూరముగా తోచవచ్చును. మాకట్లు తోచదు. అన్నము పెట్టుట, పెంచుట, కాచుట యను గృహధర్మములనే వారు ఆశ్రమమునకును, బడికిని, దేశమునకును విస్తరించిరి.

1963 సెప్టెంబరు 15వ తేదీన కనకమ్మగారు పరమపదించిరి. వారు వ్రాసికొనిన స్వీయచరిత్ర కనకపుష్యరాగము వారు గతించిన నలువదియేండ్లు దాటిన పిమ్మటగాని పుస్తకరూపమున వెలువడలేదు. పురుషుని జీవితము చరిత్రయగుననియు, స్త్రీ జీవితము ఇంటిమాట యగుననియు మనము తలచినందున గలిగిన యాలస్యము కాదా యిది?

ఇక సభ్యులకును పోషకులకును మా మనవి. 1956 నాటి వారసత్వ చట్టము తండ్రి స్వార్జితమున కుమార్తెకు భాగమొసగెను. 1985 సెప్టెంబరు 5 నుండి ఆంధ్రప్రదేశమున, అప్పటికి వివాహముకాని కుమార్తెలకు ఉమ్మడి యాస్తియందును పుత్రులతో సమానమైన హక్కు కలిగెను; 2005లో దేశమంతటను కుమార్తెలకా హక్కు వచ్చెను. చట్టము వచ్చినది, వాడుక రాలేదు. పెండ్లిలో కట్నమిచ్చితిమి గదా యని, పుట్టింటి రాకపోకలు చెడునని చెప్పి, కూతుచేత హక్కువిడుదల పత్రముపై వ్రాలు చేయించుకొను తండ్రులును అన్నలును మనలో లేరా? చందాల పట్టికలో భర్త పేర సొమ్ము వ్రాసి, ఇచ్చిన యిల్లాలి పేరు విడుచుట లేదా?

పురుషులకును ఈ వాడుక మేలు చేయలేదు. భరించువాడనని తలకెత్తికొనినవాడు అప్పులపాలైనపుడు ఆ మాట భార్యతో చెప్పుటకు సిగ్గుపడుచున్నాడు. పంట మునిగినను, చెరువు తెగినను, కన్నీరు పెట్టుట మగతనము కాదని లోలోన క్రుంగుచున్నాడు. మోయుట కిద్దరుండగా బరువంతయు నొక్కని తలపై బెట్టుట ధర్మమెట్లగును?

అందుచేత రెండు పనులు కోరుచున్నాము. వచ్చు సంవత్సరపు సంచికలో స్త్రీలిచ్చిన విరాళములు వారి వారి పేరులతోనే ముద్రింపబడవలెను. బాలికల చదువునకిచ్చు వేతనములు బాలురకిచ్చువానికి సమానముగా నుండవలెను. వివాహము నిశ్చయమైనదని నడుమ నాపరాదు. ఈ రెండును ధనవంతులకు కష్టములు కావు.

వ్యాకరణము భరించుటను పురుషునికిచ్చెను. కనకమ్మగారు ఆశ్రమమును, బడిని, చెరను, పుత్రశోకమును భరించి, ఆ ధాతువు ఇరువురిదియునని చూపిరి. ఆ పుణ్యవతి స్మృతి మన గృహములయందును, మన సంఘమునందును సఫలమగుగాక.